పాపకు వెన్నెముక 29 డిగ్రీలు వంగిందన్నారు, బ్రేస్ వేయిస్తే ఉపయోగం ఉంటుందా?

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ఇవి. పాపకు పన్నెండేళ్ళు, ఇంకా పెద్దమనిషి కాలేదు. తలంటి పోస్తున్నప్పుడు ఒక వైపు భుజం రెక్క పైకి పొడుచుకొచ్చినట్టు అమ్మమ్మగారు గమనించారు. ఎక్స్-రే తీస్తే స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగడం) అని, వంపు 29 డిగ్రీలని, ఎముకల ఎదుగుదల చెప్పే రిస్సర్ గుర్తు సున్నా అని వచ్చింది. డాక్టర్‌గారు గట్టి ప్లాస్టిక్ బ్రేస్ రోజుకు 18 గంటలు వేయాలన్నారు. ఇంట్లోవాళ్ళేమో యోగా చేయిద్దాం, ఆరు నెలలు చూసి అప్పుడు ఆలోచిద్దాం అంటున్నారు. బ్రేస్ నిజంగా పనిచేస్తుందా, వెన్ను మళ్ళీ నిటారుగా అవుతుందా, చెల్లెలికి కూడా వస్తుందా అని అడిగారు.

పనిచేస్తుంది. వేయించండి, ఆరు నెలలు ఆగకండి. వెన్ను పూర్తిగా నిటారుగా అయిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వంపు ఇంకా పెరగకుండా పట్టి ఉంచి, ఎదుగుదల పూర్తయ్యేలోపు ఆపరేషన్ దాకా పోకుండా చూడడమే బ్రేస్ చేసే పని. కొంతమందికి చివర్లో కొన్ని డిగ్రీలు తగ్గి ఉంటుంది కూడా, కానీ దానికోసం వేయించం. 29తో మొదలై, ఎముకలు ముదిరే నాటికి 30 దగ్గర ఆగితే మా లెక్కలో అది మంచి ఫలితం. ఈ సంగతి మొదటి రోజే పాపకు కూడా చెప్పాలి. లేకపోతే ఏడాది కష్టపడి వేసుకున్నాక ఎక్స్-రేలో అదే అంకె చూసి, ‘ఇంత చేసినా ఏం కాలేదు’ అని బ్రేస్ మూలన పడేస్తారు.

నేను ఆర్థోటిస్ట్‌ని. డాక్టర్ రాసిచ్చిన బ్రేస్‌కు కొలత తీసి, తయారుచేసి, పిల్లలకు తొడిగి, వాళ్ళు ఎదుగుతున్నంత కాలం సరిచేస్తూ ఉండడం నా వృత్తి. వైద్యం విషయంలో తుది మాట మీ పాపను చూసిన డాక్టర్‌దే. బ్రేస్ విషయంలో నేను రోజూ చూసేది రాస్తున్నాను.

ఎందుకు ఆగవద్దంటున్నానో చెప్తాను. మీ రిపోర్టులో 29 కన్నా ముఖ్యమైన అంకె ఆ రిస్సర్ సున్నా. తుంటి ఎముక పై అంచున ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో ఎక్స్-రేలో చూసి 0 నుంచి 5 దాకా వేసే గుర్తు అది. సున్నా అంటే ఇంకా చాలా ఎదగాల్సి ఉంది. ఆడపిల్లలు సాధారణంగా పెద్దమనిషి కావడానికి ముందు ఏడాదిలో అన్నిటికన్నా వేగంగా పొడుగవుతారు. వెన్ను వంపు కూడా ఆ వేగంతోనే పెరుగుతుంది. మీ పాప సరిగ్గా ఆ దశలో ఉంది. ఇదే 29 డిగ్రీలు పదహారేళ్ళ అమ్మాయికి, ఎదుగుదల పూర్తయ్యాక కనిపించి ఉంటే బ్రేస్ మాటే ఎత్తేవాళ్ళం కాదు.

1984లో లోన్‌స్టైన్, కార్ల్‌సన్ అనే ఇద్దరు డాక్టర్లు 727 మంది పిల్లల రికార్డులు పరిశీలించి ప్రచురించిన లెక్క ఒకటుంది. వైద్యం ఏమీ లేకుండా వదిలేస్తే, 20 నుంచి 29 డిగ్రీల వంపు ఉండి రిస్సర్ 0 లేదా 1 ఉన్న పిల్లల్లో 68 శాతం మందికి వంపు పెరిగింది. అంతే వంపు ఉండి రిస్సర్ 2 నుంచి 4 మధ్య ఉన్నవాళ్ళలో 23 శాతం మందికే పెరిగింది. డిగ్రీలు ఒకటే అయినా ఎముకల ఎదుగుదలను బట్టి ఇంత తేడా. ‘ఆరు నెలలు చూద్దాం’ అన్న మాట 15 డిగ్రీల పిల్లకు సరైన సలహా. మీ పాప విషయంలో ఆ ఆరు నెలలే అసలైన ఆరు నెలలు.

ఇక బ్రేస్ పనిచేస్తుందనడానికి ఆధారం. 2013 వరకు దీనిమీద డాక్టర్లలోనే వాదం ఉండేది. ఆ ఏడాది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బ్రెయిస్ట్ అనే అధ్యయనం వచ్చింది. అమెరికా, కెనడాల్లోని 25 ఆసుపత్రుల్లో, 10 నుంచి 15 ఏళ్ళ వయసులో 20 నుంచి 40 డిగ్రీల వంపు ఉన్న 242 మంది పిల్లల ఫలితాలు చూశారు. ఎదుగుదల పూర్తయ్యేలోపు వంపు 50 డిగ్రీలు చేరకపోతే విజయం అనుకున్నారు. బ్రేస్ వేసుకున్నవాళ్ళలో 72 శాతం, వేసుకోకుండా పరిశీలనలో ఉన్నవాళ్ళలో 48 శాతం మంది ఆ గీత దాటలేదు. లాభం స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు.

ఆ 48ని కూడా గమనించండి. బ్రేస్ లేకుండానే దాదాపు సగం మంది బాగానే ఉన్నారు. అంటే మనం బ్రేస్ వేయించే పిల్లల్లో కొందరికి అది లేకపోయినా సరిపోయేదే. ఆ కొందరు ఎవరన్నది ముందుగా చెప్పగలిగే పరీక్ష ఇవాళ లేదు. అలాగే బ్రేస్ వేసుకున్నా నూటికి 28 మందికి వంపు 50కి చేరింది. ఎవరైనా మీకు గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

అసలు విషయం గంటల్లో ఉంది. ఆ పిల్లల బ్రేస్‌లలో వేడిని పట్టి రికార్డు చేసే చిన్న సెన్సార్లు పెట్టారు, కాబట్టి ఎవరు నిజంగా ఎన్నిగంటలు వేసుకున్నారో తెలిసింది. సగటున రోజుకు 13 గంటలు, ఆపైన వేసుకున్నవాళ్ళలో 90 శాతానికి పైగా విజయం. ఆరు గంటలలోపు వేసుకున్నవాళ్ళకు బ్రేస్ లేనివాళ్ళకు పెద్ద తేడా లేదు. మీ డాక్టర్ 18 అనడం వెనక ఉన్న లెక్క ఇదే. 18 చెప్తే పిల్లలు 13, 14 దాకా వేసుకుంటారు. 13 చెప్తే ఎనిమిదికి దిగుతారు.

మా దగ్గర అందరి బ్రేస్‌లకూ సెన్సార్లు ఉండవు. అయినా పిల్ల లోపలికి రాగానే బ్రేస్ చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. రోజూ వేసుకున్న బ్రేస్ పట్టీల మీద బకిల్ కూర్చునే చోట మడత గట్టిగా పడి ఉంటుంది, వెల్‌క్రోలో బనియన్ నూలు చిక్కుకుని ఉంటుంది, లోపలి ఫోమ్ ప్యాడ్ ఎముక ఆకారానికి కొద్దిగా అణిగి రంగు మారి ఉంటుంది. మూడు నెలల తర్వాత కూడా పట్టీ నున్నగా, ప్యాడ్ కొత్త వాసనతో ఉంటే నేను తల్లిదండ్రుల ముందు ఏమీ అనను. వాళ్ళను కాసేపు బయట కూర్చోబెట్టి, ఎక్కడ ఇబ్బంది అవుతోందో పిల్లనే అడుగుతాను. ఎక్కువసార్లు వచ్చే జవాబులు రెండే: ఒకచోట నొక్కి నొప్పి పుడుతోంది, లేదా క్లాసులో ఎవరో ఏదో అన్నారు. మొదటిది హీట్ గన్‌తో పదినిమిషాల్లో సరిచేయగలను. రెండోదానికి అమ్మానాన్నలు, టీచర్ కలిసిరావాలి.

కర్నూలు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి కూచిపూడి నేర్చుకునేది. బ్రేస్ అంటే డ్యాన్స్ ఆపేయాలనుకుని మొదటి విజిట్‌లో ఏడుస్తూ కూర్చుంది. కాగితం మీద రోజంతా గీసి చూపించాను. 24లో 18 తీస్తే ఆరు గంటలు. స్నానానికి అరగంట, వ్యాయామానికి అరగంట, సాయంత్రం క్లాసుకు రెండు గంటలు, ఇంకా మిగులుతుంది. క్లాసు మానకూడదు, ఇంటికి రాగానే బ్రేస్ వేసుకోవాలి అని ఒప్పందం. ఆ టైమ్‌టేబుల్ తనే తయారుచేసుకుంది, తనే పాటించింది. 32 డిగ్రీలతో మొదలైన వంపు బ్రేస్ మానేసేనాటికి 31 దగ్గర ఉంది. అదే వయసులో, అంతకన్నా తక్కువ వంపుతో వచ్చిన ఇంకో అమ్మాయికి బ్రేస్ తొడగడం, విప్పడం, గంటలు లెక్కపెట్టడం అన్నీ వాళ్ళ నాన్నే చేసేవారు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే బ్రేస్ మంచం కిందకి పోయేది. ఏడాదిన్నరలో వంపు 46కి చేరింది. పిల్లలందరికీ ఇలాగే జరుగుతుందనను. కానీ పన్నెండేళ్ళ పిల్లకు ఇది తన వైద్యం అనిపించకపోతే గంటలు నిండవు.

బ్రేస్ ఎలా ఉంటుందో భయపడుతున్నట్టున్నారు. ఒకప్పటి మిల్వాకీ బ్రేస్ మెడ చుట్టూ రింగుతో ఉండేది, పాత ఫొటోల్లో కనిపించేది అదే. ఇప్పుడు ఎక్కువగా చేసేవి చంకల కింద నుంచి తుంటి దాకా ఉండే బోస్టన్, షెనో రకాలు. వదులు చుడిదార్ కింద పెద్దగా తెలియదు. స్కూల్ యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించండి. రాత్రి మాత్రమే వేసుకునే బ్రేస్‌లు కూడా ఉన్నాయి. అవి నడుము భాగంలో ఒకే వంపు ఉన్న కొందరికి సరిపోతాయి. మీ పాప వంపు ఏ భాగంలో ఉందో మీరు రాయలేదు, డాక్టర్‌నే అడగండి.

బ్రేస్ ఎవరు చేస్తున్నారన్నది చాలా ముఖ్యం. మెడికల్ షాపులో, ఆన్‌లైన్‌లో ‘పోశ్చర్ కరెక్టర్’ పేరుతో దొరికే ఎలాస్టిక్ బెల్టులు స్కోలియోసిస్‌కు పనికిరావు. వాటికి డబ్బు పెట్టకండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న ప్రోస్థెటిస్ట్-ఆర్థోటిస్ట్ దగ్గరికే వెళ్ళండి. పిల్లల వెన్ను బ్రేస్‌లు తరచుగా చేస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. చేతులకు, కాళ్ళకు చక్కగా చేసేవాళ్ళందరికీ ఇందులో అనుభవం ఉండదు. పాప ఒంటిమీద ప్లాస్టర్ పట్టీలతో గానీ, స్కానర్‌తో గానీ అచ్చు తీస్తారు. దాన్నిబట్టి చేసిన మోడల్ మీద వేడిచేసిన ప్లాస్టిక్ షీట్ పరిచి బ్రేస్ తీస్తారు. వంపు ఉబ్బిన వైపు ప్యాడ్ నొక్కుతుంది, దానికి ఎదుటి వైపు ఒళ్ళు జరగడానికి ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ లేకుండా చుట్టూ సమానంగా బిగించే బ్రేస్ ఎంత అందంగా ఉన్నా పనిచేయదు. తొడిగాక మీ అరచెయ్యి ఆ ఖాళీ వైపు దూర్చి చూడండి, పట్టాలి.

బ్రేస్‌కు ఒళ్ళు అలవాటుపడ్డాక, సుమారు నెలకు, బ్రేస్ వేసుకునే ఉండి ఒక ఎక్స్-రే తీయిస్తారు. ఆ ఫిల్ములో వంపు బాగా తగ్గి కనిపించాలి. మెత్తగా వంగే వెన్ను ఉన్న పిల్లల్లో సగానికి సగం తగ్గాలని మేం చూస్తాం. 29 కాస్తా 27 మాత్రమే అయితే బ్రేస్ సరిచేయాలి, లేదా మళ్ళీ చేయాలి. ఈ ఎక్స్-రే తీయకుండా ‘సరిపోయింది, వెళ్ళండి’ అంటే ఒప్పుకోకండి. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు నెలలకోసారి చెకప్. పిల్ల పొడుగయ్యేకొద్దీ బ్రేస్ చిన్నదవుతుంది, ఏడాది, ఏడాదిన్నరకు కొత్తది కావాల్సి రావచ్చు. ఆ ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి.

ఎక్స్-రే గురించి ఇంకో మాట. కొలతలోనే ఐదు డిగ్రీల వరకు తేడా రావడం మామూలు. 29 తర్వాత 32 వస్తే టెన్షన్ పడకండి, 27 వస్తే సంబరపడకండి. ప్రతిసారీ ఒకే చోట, నిలబెట్టి, మొత్తం వెన్ను వచ్చేలా తీయించండి. వీపు వైపు నుంచి కిరణం వెళ్ళేలా తీయమని అడగండి, రొమ్ముల మీద రేడియేషన్ తక్కువ పడుతుంది. పాత ఫిల్ములన్నీ ఒక కవరులో దాచండి.

ఇక మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో బ్రేస్ వేసుకోవడం నిజంగా కష్టం. లోపల అతుకులు లేని కాటన్ బనియన్, బ్రేస్ కన్నా పొడుగ్గా ఉండేది, ముడతలు లేకుండా లాగి తొడగాలి. చెమట పడితే రోజుకు రెండు మూడుసార్లు మార్చండి, అరడజను పైనే కొనిపెట్టుకోండి. బ్రేస్ కింద పౌడర్, కొబ్బరినూనె, క్రీములు రాయకండి, చర్మం మెత్తబడి ఊడుతుంది. ప్యాడ్ నొక్కేచోట ఎర్రబడడం మామూలే, విప్పిన అరగంటలో మాయమవ్వాలి. అప్పటికీ పోకపోతే, లేదా బొబ్బ లేస్తే, ఫోన్ చేసి వెంటనే వెళ్ళండి. ‘అలవాటవుతుందిలే’ అని వదిలేయకూడదు. వేసవిలో పగలు గంటలు తగ్గితే ఫ్యాన్ కింద, కూలర్ ముందు రాత్రి గంటలు పూర్తి చేయించండి. మొదటి వారం, పదిరోజులు రోజుకు రెండు మూడు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. కడుపు మీద బిగుతుగా ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెం, ఎక్కువసార్లు తిననివ్వండి. నేలమీద బాసింపట్టు వేసి కూర్చుంటే బ్రేస్ అంచు తొడలకు గుచ్చుకుంటుంది, చదువుకు బల్ల, కుర్చీ ఏర్పాటు చేయండి.

యోగా సంగతి. చేయించండి, తప్పు లేదు. ఒళ్ళు సాగుతుంది, మనసుకు బాగుంటుంది. కానీ మామూలు యోగాసనాలు ఎదిగే పిల్లలో 29 డిగ్రీల వంపును ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు. స్కోలియోసిస్ కోసమే రూపొందించిన వ్యాయామాలు వేరే ఉన్నాయి. 1921లో జర్మనీలో కాతరీనా ష్రోత్ మొదలుపెట్టిన పద్ధతి అందులో ముఖ్యమైనది, ఆమెకూ స్కోలియోసిస్ ఉండేది. ఆ శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్ట్ దొరికితే బ్రేస్‌తో పాటు చేయించండి. బ్రేస్ వేసుకునే పిల్లల్లో నడుము, పొట్ట కండరాలు బలహీనపడకుండా అవి పనికొస్తాయి. వాటిని బ్రేస్‌కు బదులుగా మాత్రం పెట్టుకోవద్దు.

స్కూల్ బ్యాగు బరువు వల్ల, వంకరగా కూర్చోవడం వల్ల, పాలు తాగకపోవడం వల్ల ఇది రాదు. మీరు ఏదో సరిగ్గా చూసుకోలేదని మిమ్మల్ని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. వెన్ను ‘సర్ది’ సరిచేస్తామనేవాళ్ళ దగ్గరికి, మాలిష్‌లకు తిప్పకండి.

ఈ సలహా అందరికీ వర్తించదు. పుట్టుకతోనే వెన్నుపూస ఆకారం తేడాగా ఉంటే, నరాల లేదా కండరాల జబ్బు ఉంటే లెక్కలు వేరు. రాత్రిపూట నిద్రలేపే నొప్పి, కాళ్ళలో తిమ్మిరి లేదా బలహీనత, ఛాతీ భాగంలో ఎడమవైపుకు ఉన్న వంపు, మరీ త్వరగా పెరగడం, వీటిలో ఏది ఉన్నా ఎమ్మారై అవసరమా అని డాక్టర్‌ను అడగండి. వంపు 45, 50 దాటిన పిల్లలను కూడా కొందరు తల్లిదండ్రులు ‘ఆపరేషన్ వద్దు, బ్రేస్ చేసిపెట్టండి’ అని నా దగ్గరికి తీసుకొస్తారు. వాళ్ళను మళ్ళీ సర్జన్ దగ్గరికే పంపుతాను. ఛాతీ భాగంలో 50 దాటిన వంపు ఎదుగుదల ఆగాక కూడా ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుంది. అక్కడ బ్రేస్ పేరుతో కాలయాపన చేయడం పిల్లకు మంచిది కాదు.

మీరు సూటిగా అడగలేదు గానీ ‘రేపు పెళ్ళి సంబంధాలప్పుడు’ అని రాసి ఆపేశారు. పెళ్ళికి, పిల్లలకు 30 డిగ్రీల వంపు ఏ రకంగానూ అడ్డు కాదు. నా దగ్గర బ్రేస్ వేసుకున్న అమ్మాయిలు తల్లులయ్యారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. బంధువులకు తెలుస్తుందని ఫంక్షన్లకు బ్రేస్ విప్పించి, ఆ వారమంతా వేయించకుండా ఉండే ఇళ్ళు చూశాను. ఫంక్షన్ పూట రెండు మూడు గంటలు విప్పితే ఏమీ కాదు, ఇంటికొచ్చాక వేయించండి. దాచాల్సిన విషయంగా మాత్రం పాప ముందు మాట్లాడకండి.

బ్రేస్ ఎప్పటిదాకా అంటే, పెద్దమనిషి అయిన తర్వాత సుమారు రెండేళ్ళు. రిస్సర్ 4కు వచ్చి, ఆరునెలలుగా పొడుగు పెరగకపోతే డాక్టర్ మెల్లగా గంటలు తగ్గిస్తారు. అందుకే పాప పెద్దమనిషి అయిన తేదీ రాసిపెట్టుకోండి, ప్రతి మూడు నెలలకు గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు కొలవండి. ఈ లెక్కన తొమ్మిది, పది తరగతుల దాకా ఉండొచ్చు. ఈలోగా రెసిడెన్షియల్ స్కూల్లో వేసే ఆలోచన ఉంటే వాయిదా వేసుకోండి. హాస్టల్లో స్టడీ అవర్లు, కిక్కిరిసిన గదుల మధ్య బ్రేస్ గంటలు నిలబడడం నేను అరుదుగా చూశాను.

చెల్లెలి విషయం. కుటుంబంలో ఒకరికి ఉంటే మిగతా పిల్లలకు వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. ఇంట్లోనే చూడొచ్చు. వీపు కనిపించేలా నిలబెట్టి, పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, రెండు అరచేతులు కలిపి ముందుకు వంగమనండి. మీరు వెనక కూర్చుని వీపు ఎత్తులో కళ్ళు పెట్టి చూడండి. ఒక వైపు పక్కటెముకలు గానీ నడుము గానీ ఎత్తుగా లేస్తే డాక్టర్‌కు చూపించండి. సమానంగా ఉంటే ఎక్స్-రే అక్కర్లేదు, పొడుగయ్యే వయసు అయిపోయేదాకా ఆరు నెలలకోసారి ఇలాగే చూస్తూ ఉండండి.

ఈ వారంలోనే కొలత ఇచ్చేయండి. వంపు ఏ భాగంలో ఉందో, బ్రేస్ వేసుకుని తీసిన ఎక్స్-రేలో ఎన్ని డిగ్రీలు వచ్చిందో ఇక్కడే కింద రాయండి, పాప పేరు, ఆసుపత్రి వివరాలు పెట్టకుండా. అది చూసి ఇంకేం అడగాలో చెప్తాను.